కల్లు, సారా, గంజాయి: మన కొండల్లో ఎవరు అమ్మారు, ఎవరు నష్టపోయారు

"ఏజెన్సీ వోళ్లంతా తాగుబోతులే" అనే మాట మనందరం విన్నదే. సంతలో వింటాం, బస్సులో వింటాం, ఒక్కోసారి ఆఫీసుల్లో కూడా వింటాం. తాగుడు వల్ల మన ఇళ్లు గుల్ల అయిన మాట నిజమే, దాన్ని దాచుకోనక్కర్లేదు. కానీ అది మన పుట్టుకలోనే ఉందనేది అబద్ధం. ఎప్పుడు ఎవరు అమ్మారు, లాభం ఎవరింటికి పోయింది అని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అందుకే ఈ ఏడాది నివేదికలో ఈ చరిత్ర రాస్తున్నాం.

మన పెద్దల కాలంలో జీలుగు చెట్టు కల్లు, ఇప్పపువ్వు సారా ఉండేవి. దేవుడికి ధార పోసి, ఆ తర్వాతే మనుషులు తాగేవారు. పెళ్లికీ, చావుకీ, ఇటుకల పండగకీ అది ఉండాల్సిందే. చెట్టు ఇచ్చినన్నాళ్లే కల్లు, పువ్వు రాలినప్పుడే సారా. అప్పుడు కూడా తాగి తగువులు పడినోళ్లున్నారు, దెబ్బలు తిన్న ఆడోళ్లున్నారు. పాత రోజులన్నీ మంచివే అని మేం అనడం లేదు. కాకపోతే జనం ఎంత ఎక్కువ తాగితే అంత లాభపడే వ్యాపారి అప్పుడు ఊళ్లో లేడు.

ఆ వ్యాపారి ప్రభుత్వం చేతి మీదుగా వచ్చాడు. ఇంగ్లీషు దొరల కాలంలో కల్లు గీతకు పన్ను కట్టాలన్నారు, కల్లు హక్కు కాంట్రాక్టర్లకు ఇచ్చారు. సొంత చెట్టు కల్లుకి 'చిగురు పన్ను' కట్టమనడం, ముఠాదారుల మీద వసూళ్లు పెంచడం, ఇలాంటి కష్టాలతోనే 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. అది మన వైపు గొలుగొండ కొండలకీ పాకింది. తిరుగుబాటును అణిచేశారు. తర్వాత 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఇంట్లో కాచుకుంటే నేరం, కాంట్రాక్టరు అమ్మితే సర్కారుకి ఆదాయం. ఈ లెక్క అప్పుడు మొదలైందే.

అల్లూరి సీతారామరాజు గారు 1922లో పోరాటం మొదలుపెట్టక ముందే మన్యంలో తిరిగి, తాగుడు మానండి, తగువులు మీ పంచాయతీల్లోనే తీర్చుకోండి అని చెప్పారు. తాగుడు మానడం కూడా మన పోరాటాల్లో భాగమే, బయటోళ్లు వచ్చి నేర్పింది కాదు.

ఇక ఆడోళ్ల కథ. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారాయే ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడోళ్లు తమ ఊళ్లో సారా దుకాణం వద్దన్నారు. వాళ్లలో రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. 1992కల్లా ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు ఆడోళ్లు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. ఈ రోజు మనం కూర్చున్న పొదుపు సంఘాల వెనక ఆ సారా పోరాటం ఉంది. చిన్న గుంటలు అడిగితే ఈ సంగతి చెప్పాలి.

ఇప్పుడు గంజాయి. 1985 చట్టం ప్రకారం గంజాయి పండించడం, మొయ్యడం నేరం. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో మన కొండల్లో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. పెట్టుబడి పెట్టేవాడు కింద పట్నంలో ఉంటాడు, మూట మోసేవాడు మన కుర్రాడు. 20 కిలోలు దాటిన గంజాయితో దొరికి నేరం రుజువైతే పదేళ్లకు తక్కువ శిక్ష ఉండదు. కూలి కోసం మూట ఎత్తినోడికి ఈ సంగతి ముందే ఎవరు చెప్తారు? మనమే చెప్పాలి.

సమాజం చూపు కూడా మారాలి. మొగోడు తాగితే "మొగోడు కదా" అంటాం. అదే ఆడది తాగితే ఊరంతా చెప్పుకుంటాం. గంజాయి పీల్చే కుర్రాణ్ని దొంగ అంటాం. ఒకర్ని వెనకేసుకు రావడం, ఇంకొకర్ని వెలేయడం, ఈ రెంటి వల్లా ఎవరూ ఆస్పత్రికి వెళ్లరు. మానలేని స్థితికి వచ్చాక అది జబ్బే, దానికి మందులున్నాయి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినోడు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. దేవుడి మీద ఒట్టు వేయించి వదిలేయకుండా డాక్టరుకి చూపించాలి. జబ్బు అన్నామంటే పెళ్లాన్ని కొట్టడానికి చీటీ ఇచ్చినట్టు కాదు. కొట్టడానికి శిక్ష వేరే, జబ్బుకి వైద్యం వేరే.

మన చేతిలో ఒక హక్కు ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారాన్ని పంచాయతీకీ గ్రామసభకీ ఇవ్వాలంది. మన రాష్ట్రం 1998లో దానికి చట్టం చేసింది. గ్రామసభలో మనం కూర్చోకపోతే ఆ అధికారం కాగితం మీదే ఉండిపోతుంది.

కాబట్టి వచ్చే ఏడాదికి ప్రతి గ్రామ సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాం. ఒకటి, బెల్టు షాపు ఉన్న ఊళ్లో గ్రామసభ పెట్టించి తీర్మానం రాయించాలి. రెండు, మానాలనుకునే మనిషిని ఆశా కార్యకర్తతో కలిసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, లేదా 14446కి ఫోను చేయించాలి. ఆ ఫోనుకి డబ్బులు పడవు. మూడు, మొగుడు తాగుతాడని, కొడుకు జైల్లో ఉన్నాడని ఏ సభ్యురాలికీ అప్పు ఆపకూడదు. సంఘం అవసరం అందరికంటే ఎక్కువ ఆమెకే.