ఎంగిలి చెప్పిన చరిత్ర

ఈసారి ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. పొగ తాగే పైపు. పాత పైపును కొత్తదానిలా చేసే పని ఒకటుంది. ముందు ఆ పని ఎలా చేస్తారో చెప్తాను. వాదన దాని వెనకే వస్తుంది.

మనం పాత సినిమాల్లో దొరల నోట చూసిన పైపు ఎక్కువగా బ్రయర్ చెక్కది. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొదకు మొదట్లో, వేళ్ళ దగ్గర ఒక బుడిపె ఊరుతుంది. అది నిప్పుకు తొందరగా కాలదు. దాన్ని తవ్వి, ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి గిన్నెగా తొలుస్తారు. 19వ శతాబ్దం మధ్య నుంచి ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్ ఈ పనికి పేరుమోసిన ఊరు. నోట్లో పెట్టుకునే గొట్టం చాలా పాత పైపులకు ఎబొనైట్‌తో ఉంటుంది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు.

ఇలాంటి పైపు పాతబడితే గిన్నె లోపల మసి పెచ్చు కడుతుంది. దాన్ని గీకి పలుచని పొర మాత్రం ఉంచుతారు. గిన్నెలో దూది కుక్కి, ఆల్కహాల్ పోసి రాత్రంతా వదిలేస్తే, చెక్కలో ఇంకిన జిడ్డు నల్లగా దూదిలోకి దిగుతుంది. వెలుతురు తగిలి పచ్చబడిన గొట్టాన్ని సన్న గరుకు కాగితంతో నల్లబడేదాకా రుద్దుతారు. గొట్టం చివర పంటిగాట్లుంటే మంట సెగ చూపిస్తారు. రబ్బరు కొంతవరకు మళ్ళీ పైకి ఉబుకుతుంది. లోతైన గాట్లను జిగురులో బొగ్గుపొడి కలిపి పూడుస్తారు. చివరికి కార్నౌబా మైనం పట్టించి మెరుగు పెడతారు.

ఇంత పనిలో పోయిందేమిటి? ఆ పైపు తాగిన మనిషి. పంటిగాటు, ఉమ్మి, మసి, అన్నీ పోయాయి. ఇంకొకరు నోట్లో పెట్టుకోవాలంటే శుభ్రం చెయ్యాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ అదే పైపు చరిత్ర రాసేవాళ్ళ చేతికొస్తే?

బ్రయర్ కంటే ముందు యూరప్‌లోనూ, దాని వలసల్లోనూ ఎక్కువగా వాడింది మట్టి పైపులు. చవక, తొందరగా విరుగుతాయి, విరిగితే పారేస్తారు. అందుకే అమెరికాలో పాత నివాసాలు ఎక్కడ తవ్వినా వాటి ముక్కలు దొరుకుతాయి. 1954లో జె.సి. హారింగ్టన్ అనే పురావస్తు పరిశోధకుడు ఒక సంగతి గమనించాడు. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లిష్ పైపుల గొట్టాల్లో రంధ్రం కాలం గడిచేకొద్దీ సన్నబడుతూ వచ్చింది. అంటే చెత్తకుప్పలో దొరికిన ముక్కల రంధ్రాలు కొలిచి, ఆ కుప్ప ఏ కాలానిదో అంచనా వెయ్యొచ్చు.

ఇక మేరీలాండ్‌కి వద్దాం. పక్కనున్న వర్జీనియాలాగే అదీ పొగాకు మీద బతికిన వలస. మన గుంటూరు, ప్రకాశం పొలాల్లో వినిపించే ‘వర్జీనియా పొగాకు’ అనే మాట ఆ నేల పేరే. అక్కడ పొగాకు నాటి, కోసి, ఆరబెట్టింది చాలావరకు ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తెచ్చిన మనుషులు, వాళ్ళ పిల్లలు. అన్నాపొలిస్ దగ్గర బెల్వాయిర్ అనే ఎస్టేటులో బానిసలు ఉన్న ఇంటిని పురావస్తు పరిశోధకులు తవ్వినప్పుడు మట్టి పైపు గొట్టాల ముక్కలు దొరికాయి. మట్టికి సన్నని రంధ్రాలుంటాయి, నోటి తడిని పీల్చుకుంటుంది. ఒక ముక్కలో మిగిలిన డీఎన్ఏని పరీక్షించి 2019లో ఫలితం ప్రచురించారు. అది తాగింది ఒక స్త్రీ. ఆమె మూలాలు ఇవాళ్టి సియెర్రా లియోన్‌లో ఉన్న మెండే ప్రజలకు దగ్గరగా ఉన్నాయి.

ఆమె పేరు మనకు తెలియదు. యజమానుల లెక్కల పుస్తకాల్లో బానిసలు ఆస్తి. ఏ దేశం నుంచి, ఏ జనం నుంచి వచ్చారో సాధారణంగా రాసేవాళ్ళు కాదు. ఆ కాగితాలు చెప్పని మాటను ఆమె ఎంగిలి చెప్పింది.

బార్బడోస్‌లోని న్యూటన్ చెరకు తోటలో, బానిసల శ్మశానంలో 1970లలో జరిగిన తవ్వకాల్లో ఇంకో రకం సాక్ష్యం దొరికింది. ఏళ్ళ తరబడి మట్టి పైపు కరిచిపట్టుకోవడం వల్ల అరిగిన పళ్ళు. పైపు మీద పన్ను గుర్తు పెట్టినట్టే, పన్ను మీద పైపూ గుర్తు పెట్టింది.

ఎంగిలి అనే మాట దగ్గర మనం ఆగాలి. పీష్వాల పుణెలో అంటరానివాడు మెడకు మట్టి ముంత కట్టుకుని నడవాలని, నడుముకు చీపురు వేలాడదీసుకోవాలని నియమం ఉండేదని అంబేద్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో రాశారు. ముంత, అతని ఉమ్మి నేల మీద పడకుండా. చీపురు, అతని అడుగుజాడ నేల మీద మిగలకుండా. ఈ రెండు వస్తువులనూ చరిత్ర విద్యార్థిగా చూడండి. ఉమ్మి, అడుగుజాడ, రెండూ ఒక మనిషి ఇక్కడ బతికాడు అనడానికి గుర్తులు. వాటికి మైల అని పేరు పెట్టి, వాటిని తుడిచే పని కూడా ఆ మనిషికే అప్పజెప్పారు.

అందుకే మన వస్తువులకు మెరుగు పెట్టే ముందు ఆలోచించాలి. మ్యూజియాల్లో వస్తువులను కాపాడే నిపుణులు పాటించే పద్ధతి ఒకటుంది: ముట్టుకునే ముందు నమోదు చెయ్యి, వీలైనంత తక్కువ ముట్టుకో, చేసినదాన్ని మళ్ళీ తీసేయగలిగేలా చెయ్యి. మీ ఇంట్లో తాత వాయించిన డప్పు ఉండొచ్చు, తోలు కోసిన కత్తి ఉండొచ్చు, నాయనమ్మ చుట్టలు దాచుకున్న డబ్బా ఉండొచ్చు. పండక్కి రుద్ది, వార్నిష్ వేసి గోడకు తగిలించకండి. ముందు అన్ని వైపుల నుంచి ఫోటో తీయండి. పిడి ఎక్కడ అరిగిందో, ఎవరి చేతిలో అరిగిందో, ఆ మనిషి ఏ ఊళ్ళో ఎవరి దగ్గర పనిచేశారో, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, తేదీ వేసి రాసి పెట్టండి.

ఈ సెలవుల్లో ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి. రాసినవి ఇక్కడ పంచుకోండి, వచ్చే భాగంలో వాటి గురించే మాట్లాడుకుందాం.