టొరెంట్ల కాలం పోయిందా? పీర్ టు పీర్ ఫైల్ షేరింగ్ ఇవాళ ఎవరికి పనికొస్తుంది

పదిహేను, ఇరవై ఏళ్ల క్రితం ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న కుర్రాళ్లలో టొరెంట్ పేరు తెలియనివాళ్లు తక్కువ. బీఎస్ఎన్ఎల్ కొన్ని ప్లాన్లలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా వాడిన డేటా లెక్కలోకి వచ్చేది కాదు. అందుకే డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవారు, తెల్లారి లేచి ఎంత శాతం అయ్యిందో చూసుకునేవారు. ఇప్పుడు అదే ఇంట్లో పిల్లలు సినిమా కావాలంటే ఓటీటీ, పాట కావాలంటే యూట్యూబ్ తెరుస్తున్నారు.

మరి పీర్ టు పీర్ షేరింగ్ పని అయిపోయినట్టేనా? అవ్వలేదు. సినిమాలు, పాటల వైపు నుంచి బాగా తగ్గింది. కానీ ఫోన్ల మధ్య ఫొటోలు పంపుకోవడంలో, కంప్యూటర్ అప్‌డేట్లలో, వాట్సాప్ కాల్స్‌లో కూడా అదే పద్ధతి పేరు చెప్పకుండా పనిచేస్తోంది. మరోవైపు, టొరెంట్‌తో వచ్చే చట్టపరమైన చిక్కు అలాగే ఉంది. ఇంటి పెద్దలు ఈ రెండూ తెలుసుకోవడం మంచిది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

మామూలుగా ఏదైనా ఫైల్ ఒక కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. మనం అడిగితే అది మనకి పంపిస్తుంది. లక్ష మంది ఒకేసారి అడిగితే ఆ సర్వర్ మీదే భారం పడుతుంది.

పీర్ టు పీర్ పద్ధతిలో వాడేవాళ్ల కంప్యూటర్లే ఒకదానికొకటి ఫైల్ ఇచ్చుకుంటాయి. బిట్‌టొరెంట్‌లో పెద్ద ఫైల్‌ని చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. ఒక ముక్క ఒకరి దగ్గర నుంచి, మరో ముక్క ఇంకొకరి దగ్గర నుంచి వస్తుంది. ప్రతి ముక్కకీ వేలిముద్ర లాంటి ఒక గుర్తు ఉంటుంది. అది సరిపోలకపోతే ఆ ముక్కని పక్కన పడేసి మళ్లీ తెచ్చుకుంటుంది. ఫైల్ పూర్తిగా ఉంచుకుని ఇతరులకి ఇస్తున్నవాళ్లని సీడర్లు అంటారు. సీడర్లు ఎవరూ లేకపోతే ఆ టొరెంట్ చచ్చిపోయినట్టే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. మన దగ్గరకి వచ్చిన ముక్కని మన కంప్యూటర్ వెంటనే వేరేవాళ్లకి పంపడం మొదలుపెడుతుంది. అంటే టొరెంట్‌లో డౌన్‌లోడ్ చేసేవాడే పంచేవాడు కూడా.

నాప్‌స్టర్ నుంచి బిట్‌టొరెంట్ దాకా

1999లో అమెరికాలో షాన్ ఫ్యానింగ్ అనే విద్యార్థి నాప్‌స్టర్ తెచ్చాడు. పాటలు వాడేవాళ్ల కంప్యూటర్ల మధ్యే మారేవి, కానీ ఏ పాట ఎవరి దగ్గర ఉందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ సర్వర్‌లో ఉండేది. సంగీత కంపెనీలు కేసు వేశాయి. 2001లో నాప్‌స్టర్ మూతపడింది.

ఆ కాలంలోనే కజా, లైమ్‌వైర్ లాంటివి వచ్చాయి. 2001లోనే బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ విడుదల చేశాడు. 2000ల మధ్యలో ఇంటర్నెట్ మీద కదిలే డేటాలో మూడోవంతు దాకా బిట్‌టొరెంట్‌దేనని అంచనాలు వచ్చాయి. 2005లో గ్రోక్‌స్టర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాపీరైట్ ఉల్లంఘనని ప్రోత్సహిస్తూ సాఫ్ట్‌వేర్ పంచితే, ఆ కంపెనీ కూడా బాధ్యత వహించాలని చెప్పింది. 2010లో కోర్టు ఆదేశంతో లైమ్‌వైర్ కూడా ఆగిపోయింది.

జోరు ఎందుకు తగ్గింది?

కేసులు ఒక కారణం మాత్రమే. అసలు మార్పు సౌకర్యంతో వచ్చింది. నెలకి కొంత కడితే వెతుకులాట లేకుండా సినిమా, పాట దొరికే సర్వీసులు వచ్చాయి. మన దేశంలో 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా ధరలు పడిపోయాయి. దాచుకుని చూడాల్సిన అవసరం పోయింది, అప్పటికప్పుడు చూసెయ్యడం అలవాటైంది.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. మొబైల్ నెట్‌వర్క్‌లో తరచుగా ఎంతోమంది కస్టమర్లు ఒకే బయటి ఐపీ అడ్రస్ వెనక ఉంటారు. బయటి కంప్యూటర్ నేరుగా మన ఫోన్‌ని చేరుకోవడం కష్టం. దానికి తోడు టొరెంట్ వాడితే బ్యాటరీ, డేటా రెండూ త్వరగా అయిపోతాయి. ఇంటర్నెట్ అంటే ఫోనే అయిన ఇళ్లలో ఈ పద్ధతి నిలబడలేకపోయింది.

ఈ పద్ధతితో మొదలైన కంపెనీలు కూడా కొన్ని పక్కకి జరిగాయి. కజా వెనక ఉన్నవాళ్లే 2003లో స్కైప్ తెచ్చారు. మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చాక అది సొంత సర్వర్ల వైపు మళ్లింది, 2025 మేలో మూతపడింది. స్పాటిఫై కూడా మొదట్లో పాటలు పంపడానికి పీర్ టు పీర్ వాడి, 2014లో మానేసింది.

ఇప్పుడు ఎక్కడ ఉంది?

ఉబుంటు, డెబియన్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఇవాళ్టికీ టొరెంట్‌లో అధికారికంగా దొరుకుతాయి. పాత పుస్తకాలు, రికార్డింగులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి తన దగ్గరున్న వాటికి టొరెంట్‌లు ఇస్తోంది. ఇవన్నీ చట్టబద్ధమే. టొరెంట్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉండటం మన దేశంలో నేరం కాదు.

విండోస్ అప్‌డేట్లలో డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఒక కంప్యూటర్‌కి వచ్చిన అప్‌డేట్ ముక్కల్ని పక్క కంప్యూటర్‌కి ఇచ్చేది ఇదే. ఇంట్లో డేటాకి పరిమితి ఉంటే, ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకి పంపే ఆప్షన్ ఆపేసి ఉందో లేదో చూసుకోవాలి.

వాట్సాప్‌లో ఇద్దరి మధ్య కాల్ చాలాసార్లు నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కే వెళ్తుంది. అలా వెళ్లినప్పుడు అవతలి వ్యక్తికి సాంకేతికంగా మన ఐపీ అడ్రస్ తెలిసే అవకాశం ఉంది. 2023లో వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కాల్స్‌లో ఐపీ అడ్రస్ దాచే ఆప్షన్ ఇచ్చింది. ముఖ్యంగా తెలియనివాళ్ల కాల్స్ వచ్చే ఆడపిల్లల ఫోన్లలో అది ఆన్ చేసి పెట్టడం మంచిది. కాల్ నాణ్యత కాస్త తగ్గొచ్చు, అంతే.

సెన్సార్‌షిప్ ఉన్నచోట ఈ పద్ధతి విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2017లో టర్కీ ప్రభుత్వం వికీపీడియాని బ్లాక్ చేసినప్పుడు, ఐపీఎఫ్ఎస్ అనే పీర్ టు పీర్ నెట్‌వర్క్‌లో టర్కిష్ వికీపీడియా ప్రతిని పెట్టారు. ఒక్క సర్వర్‌ని ఆపితే మొత్తం ఆగిపోయే పరిస్థితి ఇందులో ఉండదు.

నికా వీడియో జెద్దాకి ఎలా పంపాలి?

కుటుంబాలకి నిజంగా పనికొచ్చే సంగతి ఇది. ఊళ్లో నికా, వలీమా వీడియో 30, 40 జీబీ ఉంటుంది. సెలవు దొరక్క రాలేకపోయిన అన్నయ్య జెద్దాలో ఉంటాడు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపినా ఒక ఫైల్ 2 జీబీ దాటకూడదు. గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికేది 15 జీబీనే, అందులోనే మెయిల్స్, ఫొటోలు కూడా ఉంటాయి.

ఇలాంటప్పుడు సింక్‌థింగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు కంప్యూటర్లలో పెట్టుకుంటే ఫైల్ నేరుగా వెళ్తుంది. దారిలో డేటా గుప్తంగా ఉంటుంది, మధ్యలో ఎక్కడా ప్రతి మిగలదు. నెట్ తెగిపోతే మళ్లీ ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. రెండు కంప్యూటర్లూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. ఒకవైపు ఫైల్ తీసేస్తే రెండోవైపు కూడా పోవచ్చు. కాబట్టి అసలు వీడియోని వేరే హార్డ్ డిస్క్‌లో దాచుకున్నాకే పంపాలి.

ఒకే ఇంట్లో ఉన్న ఫోన్ల మధ్య అయితే పని ఇంకా తేలిక. ఒకప్పుడు అందరి ఫోన్లలో ఉండే షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఉన్నాయి. వాటి పేరుతో తెలియని సైట్లలో దొరికే ఫైళ్లని ఇన్‌స్టాల్ చేయొద్దు. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ ఫోన్‌తోనే వస్తాయి. రకరకాల ఫోన్లు, కంప్యూటర్లు ఉంటే ఒకే వైఫై మీద లోకల్‌సెండ్ పనిచేస్తుంది. వీటికి ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు. ఫంక్షన్ హాల్లో, రైల్లో ఎవరి నుంచైనా ఫైల్ తీసుకునే ఆప్షన్ మాత్రం ఆపేసుకోవాలి.

చట్టం ఏమంటోంది?

కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63 ప్రకారం, తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటాయి. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు శిక్ష తగ్గించే వీలుంది. కానీ ఇది పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగల, నాన్ బెయిలబుల్ నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

“చూడ్డానికే కదా, అమ్ముకోవడానికి కాదుగా” అని పిల్లలు అంటారు. టొరెంట్‌లో ఆ వాదన బలహీనపడేది ఇక్కడే. సినిమా దిగుతుండగానే అది ఆ ఇంటి కనెక్షన్ నుంచి పదిమందికి వెళ్తుంటుంది. ఆ టొరెంట్‌లో ఉన్న ఎవరికైనా ఆ ఇంటి ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. ఆ కనెక్షన్ చాలా ఇళ్లలో అబ్బా పేరు మీదే ఉంటుంది, విచారణ వస్తే మొదట అడిగేది ఆయన్నే.

పైరసీ, పీర్ టు పీర్ ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. 2025లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కేసు పెట్టిన ఐబొమ్మ, వెబ్‌సైట్‌లోనే సినిమాలు చూపించేది. ఏ దారిలో వచ్చినా అనుమతి లేని సినిమా పైరసీయే. అనుమతి ఉన్న ఫైల్ టొరెంట్‌లో వచ్చినా చట్టబద్ధమే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో నేరం చేయడానికి వీపీఎన్ వాడితే కనీస జరిమానా 5 లక్షల దిర్హాములు, జైలు కూడా పడొచ్చు. ఒక్క సినిమా కోసం ఉద్యోగాన్నే ప్రమాదంలో పెట్టుకోవడం తెలివైన పని కాదు.

ఇంట్లో చూసుకోవాల్సినవి

- పిల్లల కంప్యూటర్‌లో టొరెంట్ సాఫ్ట్‌వేర్ ఉంటే తిట్టే ముందు దేనికోసమో అడగండి. లైనక్స్ నేర్చుకునే విద్యార్థికి అది అవసరం కావొచ్చు.
- డబ్బు కట్టాల్సిన గేములు, సాఫ్ట్‌వేర్ ‘క్రాక్’ పేరుతో ఉచితంగా దొరికితే తీసుకోవద్దు. వాటిలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములు దాగి ఉండటం మామూలే. ముక్కల వేలిముద్ర సరిపోయినంత మాత్రాన ఫైల్ మంచిదని కాదు. పెట్టినవాడు ఏం పెట్టాడో అదే వచ్చిందని మాత్రమే దాని అర్థం.
- ఇంటి వైఫై పాస్‌వర్డ్ పక్కింటి కుర్రాళ్లందరికీ ఇవ్వకండి. వాళ్లు దింపినవి కూడా మీ కనెక్షన్ ఖాతాలోనే పడతాయి.
- ఫొటోలు, వీడియోలు పంచుకోవడం వేరు, భద్రంగా దాచుకోవడం వేరు. ముఖ్యమైనవి కనీసం రెండు చోట్ల ఉంచండి.