మంత్రం, ధ్యానం: ఎవరి మనసు కోసం?

మనసును నిలపడానికి మంత్రం మేలా, ధ్యానం మేలా అన్న చర్చ మన దేశంలో చాలా పాతది. సాధకులు దీన్ని అనుభవాన్ని బట్టి తేల్చుకుంటారు. చరిత్ర చదివేవాడు అడగవలసిన ప్రశ్న వేరు: మనసు నిలుపుకునే హక్కు ఏ కాలంలో ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు?

మొదట తేడా చూద్దాం. జపం మనసుకు ఒక పని అప్పగిస్తుంది. ఒకే శబ్దాన్ని పదే పదే పలుకుతుంటే తక్కిన ఆలోచనలకు చోటు తగ్గుతుంది. బౌద్ధుల సతిపట్ఠాన మార్గం వచ్చిపోయే శ్వాసను, శరీరంలో పుట్టి గిట్టే సంవేదనలను ఉన్నవి ఉన్నట్టు గమనించమంటుంది. పతంజలి యోగసూత్రాల్లో జపమూ ఉంది, ధ్యానమూ ఉంది. ప్రణవజపాన్ని ఆయన అర్థభావనతో కలిపి చెప్పాడు. ధ్యానాన్ని ఎనిమిది అంగాల్లో ఏడవదిగా పెట్టాడు. కాబట్టి ఇవి పుట్టుకతో శత్రువులు కావు.

అర్థం మాట వచ్చింది గనక సాహిత్య విద్యార్థులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మంత్రాలకు అర్థం లేదన్న కౌత్సుడి వాదాన్ని యాస్కుడు నిరుక్తంలో ఎత్తిచూపి ఖండించాడు. అంటే ఈ సందేహం వేదాన్ని చదివినవారి మధ్యనే పుట్టింది. అర్థం మరుగైన చోట అధికారం మంత్రానిది కాదు, దాన్ని ఇచ్చేవాడిది.

ఉపదేశం చెవిలో జరిగేది. ఎవరి చెవిలో అన్నది చాలాచోట్ల కులం నిర్ణయించింది. తిరుకోష్టియూరులో రామానుజుడు గురువాజ్ఞ మీరి గోపురమెక్కి మంత్రాన్ని అందరికీ వినిపించాడని వైష్ణవ సంప్రదాయం చెప్పుకుంటుంది. అలాంటి కథ పుట్టవలసి వచ్చిందంటేనే తలుపులు ఎంత గట్టిగా మూసి ఉన్నాయో తెలుస్తుంది. తపస్సు సంగతీ అంతే. ఉత్తరకాండలో శంబుకుడు తపస్సు చేసినందుకే తల పోగొట్టుకున్నాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ నాటకం రాసింది ఈ గాయం మీదనే.

మరి బౌద్ధ ధ్యానం అందరిదీ అయిందా? శతాబ్దాలపాటు అదీ ప్రధానంగా భిక్షువుల పనే. 1885లో బ్రిటిషువారు మాండలే పట్టుకుని బర్మా రాజరికాన్ని కూల్చాక సంఘానికి రాజాశ్రయం పోయింది. ఆ పరిస్థితుల్లోనే లెడి సయాడో (1846–1923) అభిధర్మాన్ని, ధ్యానాన్ని గృహస్థులకు విరివిగా బోధించాడు. ఆ పరంపరకు చెందిన ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాలో అకౌంటెంట్ జనరల్. ఆయన శిష్యుడు గోయెంకా 1969లో భారతదేశంలో విపశ్యన నేర్పడం మొదలుపెట్టాడు. మఠం తలుపు తెరుచుకోవడంలో వలసపాలన కొట్టిన దెబ్బకూ పాత్ర ఉంది.

మంత్రాన్ని కొత్త దేశాలకు చేర్చింది బజారు. మహేశ్ యోగి ఉద్యమం రుసుము తీసుకుని మంత్రాన్ని రహస్యంగా ఉపదేశించింది. 1968లో బీటిల్స్ గాయకులు ఋషీకేశ్ వచ్చాక దాని పేరు ప్రపంచమంతా మోగింది. ఆ సాధకులనే పరిశీలించిన హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్, 1975లో వెలువడిన తన పుస్తకంలో ‘ఒకటి’ అన్న మామూలు మాటతోనూ అటువంటి విశ్రాంతి పొందవచ్చన్నాడు.

నేడు కంపెనీలే ఉద్యోగులకు ధ్యాన తరగతులు పెడుతున్నాయి. అలసిన మనిషికి నెమ్మది అక్కరలేదని ఎవరూ అనరు. కాని పనిభారం తగ్గించమని అడిగినవాడికి శ్వాస గమనించమని జవాబిస్తే, అక్కడ నిలిచిపోయేది మనసు కాదు, ప్రశ్న. మనశ్శాంతి గురించి కథ రాసే రచయిత ముందుగా ఈ తేడాను పట్టుకోవాలి.