సమ్మె, లాకౌట్ కాలంలో కార్మికుల ఇ.ఎస్.ఐ. హక్కులు

(పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం)

సమ్మె మొదలైన మరునాటి నుండే కార్మికునికి ఇ.ఎస్.ఐ. వైద్యం నిలిచిపోతుందనే మాట పారిశ్రామిక వివాదాల సమయంలో తరచు వినవస్తుంటుంది. ఇది సరికాదు.

కార్మిక రాజ్య బీమా చట్టం, 1948లోని 63వ సెక్షన్ సమ్మె దినాలకు నిలిపివేసినది రెండు నగదు చెల్లింపులను మాత్రమే. అవి అస్వస్థతా ప్రయోజనం, తాత్కాలిక అంగవైకల్య ప్రయోజనం. వైద్య సేవలను గాని, ప్రసూతి ప్రయోజనాన్ని గాని ఆ సెక్షన్ పేర్కొనలేదు. లాకౌట్ ప్రస్తావన కూడ అందులో లేదు. ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి, 2020 అనునది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. కావున ఇచ్చట పేర్కొన్న సెక్షన్లు పాత చట్టానివని గమనించగలరు.

నగదు నిలుపుదలకు సైతం 1950 నాటి సాధారణ నిబంధనలలోని 99-ఎ మినహాయింపులు కల్పించినది. సనత్‌నగర్ వంటి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నవారు, క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు పొడిగించిన అస్వస్థతా ప్రయోజనానికి అర్హులైనవారు, సమ్మె నోటీసుకు ముందు నుండే ప్రయోజనం పొందుతున్నవారు వీటి పరిధిలోకి వచ్చిరి. చికిత్సలో ఉన్న కార్మికుని తొలగించరాదని 73వ సెక్షన్ యాజమాన్యాలను నిషేధించినది.

అసలు ప్రమాదం ఆలస్యంగా ఎదురవుతుంది. పత్రికలలో దీనికి తగిన చోటు లభించుట లేదనియే చెప్పవలెను. అర్హతకు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 దినాల చందా ఉండవలెనని నియమం. ఏప్రిల్-సెప్టెంబరు చందా తదుపరి జనవరి-జూన్ మాసాలకు అర్హత నిచ్చును. వేసవిలో మొదలై నెలల తరబడి వేతనం లేకుండ సాగిన సమ్మెలో కార్మికుడు వెంటనే నష్టపోడు. అప్పటికి పాత చందా అతనిని కాపాడుతుంది. వివాదం ముగిసి, అందరూ పనిలో చేరిన తరువాత, జనవరిలో బిడ్డకు జ్వరం వచ్చి డిస్పెన్సరీకి వెళ్లిననాడు అర్హత లేదను సమాధానం ఎదురుకావచ్చును.

దీనికి మార్గం ఒడంబడికలోనే ఉన్నది. లాకౌట్ కాలానికి, చట్టవిరుద్ధం కాని సమ్మె కాలానికి చేసిన చెల్లింపు 2(22) సెక్షన్ ప్రకారం వేతనమే. దానిపై చందా చెల్లించవలసియుండెను. అందుచేత చెల్లించు మొత్తం ఏ తేదీలకు సంబంధించినదో ఒడంబడిక పత్రంలో స్పష్టంగా వ్రాయించుట రాజీ అధికారులకు పెద్ద పని కాదు.

2005 ఏప్రిల్ 1న ప్రారంభమైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కర్మాగారం మూసివేత, రిట్రెంచ్‌మెంట్ వంటి కారణాలతో ఉపాధి కోల్పోయినవారికి ఉద్దేశించినది. సమ్మెలో ఉన్నవారికి అది వర్తించునట్లు వ్రాయరాదు.