నూరుసార్లు కడిగిన నెయ్యి

నేతికీ నీళ్లకూ పొసగదని వంటింట్లో అడుగుపెట్టిన ఎవరికైనా తెలుసు. ఆయుర్వేద వైద్యులు మాత్రం ఆ రెంటినీ కలిపి చూపించారు. రాగి పళ్లెంలో పేరిన ఆవునెయ్యి వేసి, కాసిని చన్నీళ్లు పోసి, అరచేత్తో గుండ్రంగా రుద్దుతారు. మొదట్లో నీళ్లు పక్కకు జారిపోతుంటాయి, నెయ్యి పూసపూసగానే ఉంటుంది. ఆ నీళ్లు వంపేసి కొత్తవి పోసి మళ్లీ రుద్దుతారు. ఇలా నూరుసార్లు. పోనుపోను పసుపు ఛాయ విరుగుతుంది, పూస నలిగిపోతుంది, నేతివాసన తగ్గుతుంది. చివరికి చేతికి తెల్లటి మెత్తటి క్రీము తగులుతుంది. అదే శతధౌత ఘృతం. ఒంటిమీద మంట పుట్టించే విసర్ప రోగానికి చరక సంహిత దీన్ని చెప్పింది. దాహజ్వరానికైతే వెయ్యిసార్లు కడిగిన నెయ్యి పూయమంది. చలికి పొడిబారిన చర్మం కోసం ఇంట్లో చేసుకునే క్రీముకు కావలసిన కిటుకంతా ఇందులోనే ఉంది: కొవ్వు చేత నీళ్లు పట్టించడం. ఆ తర్వాత క్రీములో వచ్చిన మార్పుల్లో చాలావరకు చర్మం కోరినవి కావు, దుకాణంలో అల్మరా కోరినవి.

ఇదే కిటుకు రెండో శతాబ్దపు రోములో మరో రూపంలో కనిపిస్తుంది. పెర్గమమ్‌లో పుట్టి, గ్లాడియేటర్ల గాయాలకు వైద్యం చేసి, ఆనక మార్కస్ ఆరీలియస్ చక్రవర్తికి వైద్యుడైన గాలెన్ పేరు మీద ఒక లేపనం నిలిచిపోయింది. ఒక వంతు తెల్ల తేనెమైనానికి మూడు నాలుగు వంతుల ఆలివ్ నూనె, అదీ గులాబీ రేకులు నానినది, కలిపి కరిగించాలి. చల్లారి గట్టిపడుతుండగా చన్నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, ఇక పట్టదన్నంతవరకు మెదపాలి. ఒంటికి రాసుకోగానే నీళ్లు ఆవిరై చల్లబరుస్తాయి, మైనమూ నూనే పొరలా మిగిలి చర్మంలోని తడిని పోనివ్వవు. ఎన్ని నీళ్లు పోయాలో కొలత లేదు. లేపనం మెరుపు తగ్గి తెల్లబడడం కన్ను చూసి చెప్పాలి, బరువెక్కడం చెయ్యి పసిగట్టాలి. దీనికి ఆయువు తక్కువ. నీళ్లు ఊరిపోతాయి, నూనె పాతబడి వాసన వేస్తుంది. కాబట్టి కావలసినప్పుడల్లా కావలసినంతే చేసుకోవాలి. రోమన్లు డబ్బాల్లో దాచుకోలేదా అంటే, దాచుకున్నారు. లండన్‌లోని సదర్క్‌లో 2003లో రోమన్ గుడి ఆవరణను తవ్వుతుంటే మూత బిగుసుకున్న చిన్న తగరపు డబ్బా దొరికింది. తెరిస్తే లోపల తెల్లటి లేపనం, దానిమీద ఎవరివో వేళ్ల గుర్తులు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పరీక్షించి అందులో జంతువుల కొవ్వు, పిండిపదార్థం, టిన్ ఆక్సైడ్ ఉన్నాయని 2004లో తేల్చారు. టిన్ ఆక్సైడ్ పని ముఖానికి తెలుపు తేవడం. అది సింగారపు సరుకు, గాలెన్‌ది వైద్యుడి లేపనం. ఆ డబ్బాను చూపించి లేపనమూ దాచుకునేదే అనడం కుదరదు.

మధ్యలో పదిహేడు వందల ఏళ్లు గాలెన్ లేపనం పెద్దగా మారలేదు; ఆలివ్ నూనె పోయి బాదం నూనె, మామూలు నీళ్లు పోయి పన్నీరు వచ్చాయి, అంతే. అసలు మార్పులన్నీ పంతొమ్మిదో శతాబ్దం చివర ఒక్కపెట్టున వచ్చాయి. మైనంలోని ఆమ్లాలతో కలిసి సబ్బుగా మారే వెలిగారం చేరింది; చెయ్యి మెదిపి సాధించినదాన్ని అది తేలిగ్గా పట్టి ఉంచింది. బాదం నూనె బదులు పెట్రోలియం నుంచి తీసిన, ఎన్నాళ్లున్నా వాసన వేయని నూనె చేరింది. చమురుబావుల దగ్గర కూలీలు పంపుకడ్డీలకు అంటిన జిడ్డును గాయాలకు రాసుకోవడం చూసిన రాబర్ట్ చీస్‌బ్రో, దాన్ని శుద్ధిచేసి 1872లో వ్యాజలీన్‌కు పేటెంట్ పొందాడు. 1911లో జర్మనీలో నివియా, 1929లో కలకత్తాలో బోరోలిన్ క్రీములు వచ్చాయి. పాడుకానిదే మంచి సరుకన్న లెక్క స్థిరపడింది. నీళ్లు ఎంత పట్టాయో చెప్పగల చెయ్యి మాత్రం పనిలేనిదైంది.

వ్యాజలీన్‌ను మించి చర్మపు తడిని ఆపేది లేదని వైద్యులే అంటున్నారు కదా, ఇంకా ఈ చాకిరీ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు 1952లో చర్మ పరిశోధకుడు ఇర్విన్ బ్లాంక్ చేసిన ప్రయోగంలో ఉంది. ఎండి పెళుసైన ఆనెకాయ ముక్కల్ని ఆయన నూనెలో నానబెడితే మెత్తబడలేదు, నీళ్లు పట్టాకే వంగాయి. అంటే చర్మానికి కావలసింది నీళ్లు, కొవ్వు పని వాటికి కాపలా. ఎంత మంచి వ్యాజలీనైనా కాపలాదారే. పొడిబారి పొలుసులు లేచిన ఒంటికి రాస్తే, కాపలా కాయడానికి లోపల మిగిలి ఉన్నది కొంచెమే. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: నీళ్లున్నచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఇంటి క్రీములో వాటిని ఆపే మందుండదు. నిజమే. అందుకే దాన్ని సీసాల్లో నింపి నెలల తరబడి దాచడం, చుట్టాలకు పంచడం పొరపాటు. నిలవే కావాలంటే నీళ్లు కలపకుండా మైనమూ నువ్వులనూనే కరిగించి ఉంచుకుని, స్నానం చేసి తడి ఆరకముందే రాసుకోవచ్చు. నీళ్లు అప్పటికే ఒంటిమీద ఉన్నాయి. నీళ్లు కలిపిందే కావాలంటే రెండు మూడు రోజులకు సరిపడా చేసుకుని, అయిపోయాక మళ్లీ చేసుకోవాలి. దుకాణం సీసాతో ఆయువులో పోటీపడితే ఇంటి క్రీము ఓడక తప్పదు. దాన్ని పచ్చడిలా జాడీకెత్తకుండా, ఏపూటకాపూట చేసుకునే కూరలా చూస్తేనే మేలు.