లెక్క పక్కన పేరు

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో క్రిస్మస్ నాడు ఒక పందెం నడిచేది. దాన్ని ‘సైడ్ హంట్’ అనేవారు. ఊళ్ళో మగవాళ్ళు రెండు జట్లుగా చీలి, తుపాకులు భుజానేసుకుని పొలాల మీద పడేవారు. కనిపించిన పిట్టనల్లా, కుందేలునల్లా కాల్చేవారు. సాయంత్రానికి ఏ జట్టు కుప్ప పెద్దదైతే ఆ జట్టుది గెలుపు. అందులో కూరకు పనికొచ్చేవి ఎన్ని, పనికిరానివి ఎన్ని అని ఎవరూ చూసేవారు కాదు. పండగ పూట సరదా, అంతే.

ఆ సరదాను మళ్ళించిన మనిషి ఫ్రాంక్ చాప్‌మన్. 1864లో పుట్టారు. కాలేజీ చదువు లేదు, న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. 1886లో ఆయన రెండు రోజులు మధ్యాహ్నం వేళ ఆ నగరపు బజారు వీధుల్లో తిరిగి, ఆడవాళ్ళ టోపీల మీద ఏయే పక్షుల ఈకలున్నాయో లెక్క రాశారు. 700 టోపీలు చూస్తే 542 టోపీల మీద ఈకలున్నాయి. 40 జాతుల పక్షులను గుర్తుపట్టారు. అడవికి వెళ్ళకుండా, బజారులో నిలబడి చేసిన పక్షుల గణన అది. అదే ఏడాది బ్యాంకు వదిలేశారు. అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో మొదట జీతం లేకుండా పనిచేశారు. 1888లో అక్కడే ఉద్యోగం వచ్చింది. ప్రపంచంలో అతిపెద్ద వాలంటీరు గణనల్లో ఒకదాన్ని మొదలుపెట్టిన మనిషి తానూ వాలంటీరుగానే మొదలయ్యారన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి.

1899లో చాప్‌మన్ ‘బర్డ్ లోర్’ అనే పత్రిక పెట్టారు. 1900 డిసెంబరు సంచికలో పాఠకుల ముందు ఒక ప్రతిపాదన ఉంచారు. క్రిస్మస్ నాడు కాసేపు బయటికి వెళ్ళండి, కనిపించిన పక్షులను లెక్కపెట్టండి, ఆ రాత్రి పడుకునే ముందే జాబితా రాసి మాకు పంపండి, ఫిబ్రవరి సంచికలో అచ్చువేస్తాం అన్నారు. ఇందులో ఉన్న తెలివి గమనించాలి. పండగ మానుకోమనలేదు, వేట పాపమని ఉపన్యాసం ఇవ్వలేదు. పోటీ, తిరుగుడు, సాయంత్రం లెక్క చూసుకోవడం, అన్నీ ఉంచేసి తుపాకీని మాత్రం తీసేశారు.

మొదటి ఏడాది స్పందించింది 27 మంది. కెనడాలోని టొరంటో నుంచి కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్ దాకా 25 చోట్ల లెక్కలు జరిగాయి. చాప్‌మన్ తన సొంత ఊరు, న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో లెక్కపెట్టారు. అన్నీ కలిపితే సుమారు 90 జాతులు, 18,500 పక్షులు. పంపినవాళ్ళ పేర్లు వారి వారి జాబితాల కిందే అచ్చయ్యాయి. ఒక్కో లెక్కకు ఒక్కో మనిషి సంతకం. ఆ 27 మందికి దక్కిన గౌరవమంతా అదే. నూట పాతికేళ్ళ తరవాత కూడా ఆ పేర్లు ఆ అంకెల పక్కనే ఉన్నాయి.

అయితే పేరుతోపాటు చాప్‌మన్ ఇంకొన్ని వివరాలు కూడా అడిగారు. అసలు ఆవిష్కరణ అక్కడుందని నేననుకుంటాను. ఎన్ని గంటలకు బయల్దేరారు, ఎన్నింటికి తిరిగొచ్చారు, ఆకాశం ఎలా ఉంది, గాలి ఏ దిక్కునుంచి ఎంత జోరుగా వీస్తోంది, చలి ఎంత, నేల మీద మంచుందా లేదా, ఇవన్నీ రాయమన్నారు. అప్పటికి ఇది చాదస్తంగా కనిపించి ఉంటుంది. కానీ ఆ గంటలు రాయకపోయి ఉంటే ఆ జాబితాలు ఈరోజు జ్ఞాపకాలుగా మిగిలేవి, ఆధారాలుగా పనికొచ్చేవి కావు. ఒక ఊళ్ళో ఒకే జట్టు మూడు గంటలు తిరిగి 30 పావురాలు చూసిందనుకోండి, గంటకు పది. పదేళ్ళ తరవాత అదే ఊళ్ళో నాలుగు జట్లు తలా మూడు గంటలు తిరిగి 60 పావురాలు చూస్తే, అంకె రెట్టింపయింది కాబట్టి పావురాలు పెరిగాయని సంబరపడతాం. నిజానికి ఒక జట్టు గంటసేపు తిరిగితే ఇప్పుడు కనిపిస్తున్నవి ఐదే, అంటే సగానికి పడిపోయాయి. పక్షులను లెక్కపెట్టేవాళ్ళు తమ శ్రమను కూడా లెక్కగట్టుకోవాలని తేలింది ఇలాగే. జట్టు తిరిగిన గంటలతో భాగించే ఈ పద్ధతే క్రిస్మస్ లెక్కలకు వెన్నెముక అయింది.

తరవాత నిబంధనలు గట్టిపడ్డాయి. 24 కిలోమీటర్ల వ్యాసం ఉన్న ఒక వలయం, డిసెంబరు 14 నుంచి జనవరి 5 లోపు ఏదో ఒక రోజు, ఆ వలయంలో కనిపించిన, వినిపించిన ప్రతి పక్షీ లెక్కకొస్తుంది. ఇప్పుడు అలాంటి వలయాలు రెండున్నర వేలకు పైనే. దశాబ్దాల పాటు వాలంటీర్లు తలా కొంత రుసుము కట్టి మరీ లెక్కపెట్టారు, చివరికది ఐదు డాలర్లకు చేరింది. 2012లో దాన్ని ఎత్తేశారు. మంచులో రోజంతా నిలబడి, ఆ నిలబడ్డందుకు తామే డబ్బు చెల్లించిన మనుషులు వాళ్ళు. వాళ్ళ గురించి చదివినప్పుడల్లా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వాళ్ళ శ్రమ ఎక్కడికి చేరిందో 2019లో లోకానికి తెలిసింది. 1970 నుంచి అమెరికా, కెనడాల్లో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. దాని కింద ఉన్న పునాదిలో ఎక్కువ భాగం వాలంటీర్ల లెక్కలే. 1966 నుంచి వేసవిలో జరుగుతున్న సంతాన రుతువు సర్వే ఒకటి, ఈ క్రిస్మస్ గణన ఇంకొకటి. ఎన్ని కోట్లు పోసినా 1970 నాటి శీతాకాలపు పక్షులను ఇవాళ వెళ్ళి లెక్కపెట్టలేం కదా.

మన దేశానికి ఈ అలవాటు వేరే దారుల్లో వచ్చింది. 1987 నుంచి ప్రతి జనవరిలో నీటి పక్షుల గణన జరుగుతోంది. హైదరాబాద్‌లో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది, ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. ‘పిట్ట’ అన్న ముచ్చటైన పేరుతో వాళ్ళకో పత్రిక ఉంది. ఇక 1998లో అమెరికాలో మొదలైన పెరటి పక్షుల గణనలో 2013 నుంచి మనవాళ్ళూ చేరారు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఒక్కచోట కనీసం పదిహేను నిమిషాలు ఉండి చూసినవన్నీ రాస్తే చాలు. ఇలా ఏళ్ళ తరబడి పోగుపడిన జాబితాల నుంచి 2023లో మన పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు, 3 కోట్ల నమోదులు, 942 జాతులు. నెమళ్ళు, కోయిలలు పెరుగుతున్నాయని అది చెప్పింది. పాలపిట్ట బాగా తగ్గుతోందని కూడా చెప్పింది.

దసరా నాడు పాలపిట్టను చూడందే పండగ పూర్తికాదనుకునే జనం మనం. తెలంగాణ దాన్ని రాష్ట్ర పక్షిగా పెట్టుకుంది. ఆ దర్శనం కోసమే కొందరు వాటిని పట్టి పంజరాల్లో పెట్టి వీధుల్లో తిప్పి డబ్బు అడుగుతుంటారు, చట్టం ఒప్పుకోకపోయినా. కరెంటు తీగ మీద ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది కాబట్టి అది తగ్గిన సంగతి మన కంటికి ఆనలేదు. ప్రపంచ స్థాయిలో దాని పరిస్థితిని మళ్ళీ అంచనా వేయాలని ఆ నివేదిక సిఫారసు చేసింది.

పాలపిట్ట తగ్గిందని చెప్పగలగడానికి వాడిన కొలత చాలా సాదాది. వంద జాబితాలు తీసుకుంటే ఎన్నింటిలో పాలపిట్ట ఉంది? పదేళ్ళ కిందట ఎన్నింటిలో ఉండేది? అంటే పాలపిట్ట కనపడని జాబితా కూడా కనపడిన జాబితాతో సమానంగా పనిచేస్తుంది. పొద్దున్నే లేచి, చెరువు కట్ట మీద గంటసేపు నిలబడి, నాలుగు కాకులు, రెండు కొంగలు, ఒక గోరింక రాసుకుని ‘ఇవాళ ఏమీ లేదు’ అని ఇంటికొచ్చిన మనిషి నిజానికి చాలా పెద్ద పని చేసి వచ్చినట్టు. కేరళవాళ్ళు 2015 నుంచి 2020 దాకా రాష్ట్రమంతటికీ పక్షుల అట్లాసు తయారుచేసినప్పుడు వెయ్యి మందికి పైగా వాలంటీర్లు పనిచేశారు. వాళ్ళు తమకిష్టమైన చిత్తడి నేలలకు వెళ్ళలేదు, పటం మీద చీటీ వేసినట్టు ఎంచి ఇచ్చిన గళ్ళకు వెళ్ళారు. ఆ గడిలో రబ్బరు తోట ఉంటే రబ్బరు తోటకే. హైదరాబాద్ పక్షి పరిశీలకులు కూడా 2025లో తమ నగరానికి అలాంటి అట్లాసే మొదలుపెట్టారు.

అందుకే మన పక్షి పరిశీలకుల సంఘాల సన్మాన సభల గురించి ఒక మాట అనాలనిపిస్తుంది. శాలువాలు, జ్ఞాపికలు బాగానే ఉన్నాయి. కానీ అవి ఎక్కువగా ఎవరికి అందుతాయి? అరుదైన పక్షిని ఫొటో తీసినవాళ్ళకి, ఏడాదిలో ఎక్కువ జాతులు చూసినవాళ్ళకి. వాళ్ళను తక్కువ చేయడం లేదు. కానీ ఊరి చివర మురుగు కలిసే చెరువును, ఎవరూ ఫొటో తీయని చెరువును, ప్రతి జనవరిలో వెళ్ళి లెక్కపెట్టి వచ్చే మాస్టారు మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. శాస్త్రానికి ఆధారమైన వరుస లెక్క ఆయన దగ్గరుంది. ఒక్క ఏడాది ఆయన మానేస్తే ఆ వరుసలో గండి పడుతుంది, దాన్ని తరవాత ఎవరూ పూడ్చలేరు.

ఆయన్ను వేదిక మీదికి పిలవాలి. పొగడ్తలు తగ్గించి ఆయన లెక్క చదవాలి. చెరువు పేరు, మొదలుపెట్టిన ఏడాది, అప్పుడు బాతులెన్ని, ఇప్పుడెన్ని, ఆ అంకెలు ఏ నివేదికలో చేరాయి, వాటిని పట్టుకుని ఎవరైనా చెరువు ఆక్రమణను అడ్డుకున్నారా. సంఘం పత్రికలో, చాప్‌మన్ చేసినట్టే, ప్రతి లెక్క కింద లెక్కపెట్టిన వారందరి పేర్లూ వేయాలి, మొదటిసారి వచ్చిన స్కూలు పిల్లల పేర్లతో సహా. ఆ తరవాత, వచ్చే జనవరికి ఇంకా మనిషి దొరకని చెరువుల జాబితా కూడా అదే వేదిక మీద చదవాలి. ఆయన లెక్క విన్న పది నిమిషాల్లో ఆ జాబితా వింటే, వెనక వరసల్లోంచి ఒక్కరైనా చెయ్యెత్తుతారు.