పాతబస్తీ ఎన్నికల కరపత్రములు

ఎన్నిక ముగిసిన మరునాడు నగరములో మొట్టమొదట విలువ కోల్పోవునది కరపత్రము. నిన్నటివరకు దానిని ఇంటింటికి తిరిగి చేతులలో పెట్టినవారే నేడు దానిని తొక్కుకొని పోవుదురు. కొంత పచారీ దుకాణములో పొట్లములగును. కొంత వంటింటి అరలలో పరుపగును. మిగిలినది వానకు నాని కాలువలో కలియును. గెలిచినవారి పేర్లు, వోట్ల లెక్కలు ప్రభుత్వ నివేదికలలో పదిలముగా నిలుచును. కాని ఓడినవాడు జనులతో ఏమి చెప్పుకొనెనో, గెలిచినవాడు గెలువకముందు ఏమి మాట ఇచ్చెనో ఆ నివేదికలు చెప్పవు. అది ఆ పొట్లము కాగితములోనే ఉండెను.

నాణెములు, తపాలా బిళ్ళలు కూర్చువారు మనకు తెలియనివారు కారు. వారిని చూచి ఎవరును నవ్వరు. పాత ఎన్నికల కాగితములు ఏరువానిని చూచి మాత్రము నవ్వుదురు. ఊరక పంచిపెట్టిన దానికి వెల ఏమున్నదని వారి తలంపు. అయితే హైదరాబాదు పాతబస్తీ విషయములో ఈ కాగితములకు గల విలువ వేరు. ఇచ్చట ప్రజాస్వామ్యము ఏ భాషలో, ఏ లిపిలో, ఏ మాటలతో ఇంటి గడప ఎక్కినదో తెలిపెడి సాక్ష్యము ఇవియే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో చేరువరకు ఇచ్చటి సామాన్యునకు వయోజన వోటు లేదు. 1951–52 సాధారణ ఎన్నికలలో ఆ హక్కు తొలిసారిగా చేతికి వచ్చినది. శాసనసభలో 175 స్థానములు. రాష్ట్రమున తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము మాటలాడువారు కలరు. చదువు రానివారే హెచ్చు. అప్పటి వోటు పద్ధతి నేటి యువకులకు వింతగా తోచును. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె; పెట్టెపై అతని గుర్తు. వోటరు తనకిచ్చిన చీటిపై ఏ ముద్రయు వేయక, తాను కోరిన గుర్తుగల పెట్టెలో దానిని జారవిడువవలెను. దేశమునకు కావలసిన ఉక్కు పెట్టెలలో కొన్నింటిని మన నగరములోని ఆల్విన్ కర్మాగారమే తయారుచేసి ఇచ్చినది.

కాబట్టి నాటి కరపత్రము వాగ్దానపత్రము మాత్రమే కాదు, పాఠ్యపుస్తకము కూడ. లోపలికి ఎట్లు పోవలెను, చీటి ఎవరియొద్ద తీసికొనవలెను, ఏ బొమ్మగల పెట్టెను వెదకవలెను అనునదంతయు అది నేర్పవలసివచ్చెను. కాడి కట్టిన ఎడ్లజత కాంగ్రెసుది, చెట్టు సోషలిస్టులది, గుడిసె కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీది, దీపము జనసంఘముది, ఏనుగు షెడ్యూల్డు కులాల ఫెడరేషనుది. కమ్యూనిస్టు పార్టీపై ఈ రాష్ట్రమున నిషేధముండుటచే దాని అభ్యర్థులు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ అను పేర నిలిచి 42 స్థానములు గెలిచిరి. ఆ ఫ్రంటు పక్షమున నల్లగొండనుండి లోకసభకు పోటీచేసిన రావి నారాయణరెడ్డిగారికి పండిత నెహ్రూకు వచ్చినవానికంటె ఎక్కువ వోట్లు వచ్చినవి. ఆ పక్షపు కాగితము చేతికి దొరికినవాడు దానిపై పార్టీ అసలు పేరు కానక తికమకపడరాదు; ఆ పేరు లేకుండుటయే దాని కాలమునకు గుర్తు.

ఇక ఈ కాగితములు పుట్టిన చోటు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ ప్రాంతములకు చేరువనున్న ఛత్తా బజారు చిరకాలముగ ముద్రాపకుల వీథి. పెండ్లి శుభలేఖలు అక్కడనే, ఎన్నికల కాగితములు అక్కడనే. ఉర్దూ నస్తాలీఖు లిపిలో అక్షరములు ఒకదానిపై నొకటి వాలుగా దిగివచ్చును గనుక వానిని సీసపు అచ్చులలో ఇముడ్చుట కష్టము. అందువలన కాతిబు అనబడు లేఖకుడు జిడ్డుసిరాతో కాగితముపై వ్రాసిన వ్రాతను రాతిపలకకు ఎక్కించి ముద్రించెడివారు. తెలుగు మాత్రము కంపోజిటరు ఏర్చి కూర్చిన సీసపు అక్షరములలో వచ్చెడిది. ఒకే మాటను ఒకవైపు ఒక మనిషి చేతివ్రాత, ఒకవైపు లోహపు అచ్చు పలికెడివన్నమాట. ఆ చేతివ్రాతకు ఆనాడు ఎవరును విలువ కట్టలేదు. దినపత్రికలలో కాతిబుల స్థానమును కంప్యూటరు ఆక్రమించిన పిమ్మటనే ఆ వంపుల అందము లోకమునకు గుర్తువచ్చినది.

సేకరించువానికి కలుగు మొదటి చిక్కు తేదీ. కరపత్రమునకు సంవత్సరము అరుదు. నాలుగు దినములలో చచ్చిపోవు కాగితమునకు సంవత్సరమెందుకని కాబోలు, పోలింగు నెల, తేదీ, వారము మాత్రము వేయుదురు. అదియే మేలు. తేదీయు వారమును కలిసి ఉన్నచో సంవత్సరమును పట్టవచ్చును. ఫిబ్రవరి 24 అనునది 1957లో ఆదివారము, 1962లో శనివారము. తేదీ చినిగిపోయినచో నియోజకవర్గపు పేరు చూడవలెను. 1952లో మాసూమా బేగంగారు షాలిబండనుండి శాసనసభకు ఎన్నికైరి. 1957లో పత్తర్‌గట్టినుండి గెలిచి, పిమ్మట ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గములో చేరిరి. 1962లో అదే పత్తర్‌గట్టిలో ఆమెను ఓడించి సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీగారు సభలో ప్రవేశించిరి. 1967నాటికి ఆ ప్రాంతమున చార్మినార్ అను నియోజకవర్గము వెలసినది.

ఇప్పుడు ఎడ్లజత బొమ్మయు పత్తర్‌గట్టి పేరును గల ఒక చినిగిన కాగితము మన చేతికి వచ్చెననుకొందము. అది 1957దా, 1962దా? ఎడ్లజత రెండింటను ఉన్నది. 1969లో కాంగ్రెసు చీలువరకు ఆ గుర్తు నడచినది. అభ్యర్థిని రెండింటను ఒకరే. అయినను కాగితము తన గుట్టు తానే విప్పును. ‘ఈ గుర్తుగల పెట్టెలో వోటు వేయుడు’ అని యున్నచో అది 1957. ‘ఈ గుర్తుకు ఎదురుగ ముద్ర వేయుడు’ అని యున్నచో అది 1962. ఏలయన ఆ ఎన్నికలకు వేరువేరు పెట్టెలు పోయి, పేర్లు, గుర్తులు అచ్చుపడిన వోటుచీటి వచ్చినది. అడుగున మరియొక సాక్షి కలదు. 1961లో ప్రజాప్రాతినిధ్య చట్టమునకు చేర్చిన 127–ఎ విభాగము ప్రకారము ఎన్నికల కరపత్రముపై ముద్రాపకుని పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా ఉండితీరవలెను. ప్రచురణకర్త తన ధ్రువపత్రముపై ఇద్దరిచే సాక్షి సంతకములు చేయించి ముద్రాపకునకు ఈయవలెను. ముద్రాపకుడు దానిని, కరపత్రపు ప్రతిని రాజధానిలోనైనచో ముఖ్య ఎన్నికల అధికారికి పంపవలెను. చట్టము కోరినది బాధ్యత. చరిత్రకారునకు లభించినది ఛత్తా బజారు ముద్రాపకుల చిరునామాల పట్టిక.

అడుగుపంక్తిని చింపివేసి, ‘అందమైన భాగము’ మాత్రము అట్టకు అంటించి దాచుకొనువారు కలరు. ఇంతకంటె పెద్ద అపచారము లేదని నా నమ్మకము.

ఈ విద్యలో లోకమునకు పాఠము చెప్పదగిన సంస్థ ఐర్లండు దేశపు ఉత్తరభాగమున ఉన్నది. బెల్ఫాస్టు నగరములో 1788లో నెలకొన్న లినెన్ హాల్ గ్రంథాలయములో 1968లో జిమ్మీ విట్టీ అను గ్రంథపాలకుడుండెను. ఒక పానశాలలో ఎవరో ఆయన చేతిలో పౌరహక్కుల కరపత్రమొకటి పెట్టిరి. ఆయన దానిని పారవేయక గ్రంథాలయమునకు తెచ్చి దాచెను. తరువాత ముప్పది యేండ్లు ఆ గడ్డపై రక్తము ప్రవహించినది. గ్రంథాలయము మాత్రము ఇరుపక్షముల కాగితములను ఎంపిక లేకుండ చేర్చుచు పోయినది: ఎన్నికల పత్రములు, గోడప్రకటనలు, బిళ్ళలు, చివరకు పండుగ శుభాకాంక్షల కార్డులు కూడ. నేడచ్చట మూడున్నర లక్షలకు పైబడిన వస్తువులున్నవి. ఎవరి పక్షమును పట్టలేదు గనుకనే అన్ని పక్షములవారును తమ కాగితములను అచ్చటికి తెచ్చి ఇచ్చిరి.

పాతబస్తీలో ఈ పని చేయువాడు ముందుగా నేర్వవలసినది ఈ నిష్పక్షపాతమే. ఇది చెప్పినంత సులభము కాదు. మతము పేరున, కులము పేరున వోటడుగుట 1951 చట్టపు 123వ విభాగము ప్రకారము దుష్ప్రవర్తన. అట్లడిగిన కాగితములు ఎన్నికల వ్యాజ్యములలో సాక్ష్యములుగా న్యాయస్థానముల కెక్కుచుండును. ద్వేషము చిమ్మిన కాగితమును దాచుట ఎందుకని కొందరు దానిని చింపివేయుదురు. చింపినచో ఆ ద్వేషము చల్లినవాడు రేపు ‘నేనెన్నడు అట్లనలేదు’ అని సుఖముగా పలుకును. దాచుట వేరు, పంచుట వేరు. అట్టివానిని విడిగా కవరులో ఉంచి, పరిశోధకునకు మాత్రము చూపుట మంచిది.

దాచుపద్ధతి సామాన్యమైనదే గాని ఓపిక కావలెను. ఈ కాగితములు చౌకరకమువి; వానిలోని ఆమ్లమే వానిని పసుపుచేసి పెళుసెక్కించును. మడత విప్పి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, ఆమ్లము లేని కాగితముల నడుమ బల్లపరుపుగ ఉంచవలెను. అంటుటేపు, పిన్నులు, లామినేషను వలదు. దొరికిన చోటు, దొరికిన దినము కవరుపై పెన్సిలుతో వ్రాయవలెను గాని అసలు కాగితముపై కాదు. అన్నిటికంటె ముఖ్యముగ, పెట్టె నేలమీద ఉండరాదు. ఒక నగరవాసి ఏండ్లతరబడి కూర్చిన ఉర్దూ గ్రంథములు, పత్రికలు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రమునకు చేరిన పిమ్మట, 2000 ఆగస్టు వరదనీరు వానిని ముంచినది. 1908 మూసీ వరదను చవిచూచిన నగరమునకు ఈ మాట రెండుమార్లు చెప్పవలసియుండరాదు.

1982 తరువాత సైకిలు గుర్తు వచ్చినది. గోడవ్రాతలు, పాటల కాసెట్లు వచ్చినవి. పిమ్మట బట్ట బానరు స్థానమున ఫ్లెక్సీ, కరపత్రపు స్థానమున చేతిఫోను సందేశము వచ్చినవి. ఆ కాలపు వస్తువులు ఇంకను దొరకును గనుక వానికి తొందర లేదు. తొందర అంతయు మొదటి మూడు ఎన్నికల కాగితములకు. పురానాపూల్ చెంత జుమ్మేరాత్ బజారులో గురువారము నాడు తూకమునకు వచ్చెడి కాగితపు కట్టలను విప్పించి చూడవలెను. పాత లెక్కల పుస్తకముల అట్టలు, ట్రంకుపెట్టెల అడుగు పరుపులు చూడవలెను. షాలిబండ, శాలిబండ అని రెండు విధముల వ్రాయబడు ఆ పేటలో ఇల్లు మారువారున్నచో, గోడనుండి దింపిన పాత ఫోటో పటముల వెనుక అట్టను మేకులు తీసి విప్పించవలెను. అట్ట గట్టిపడుటకై లోపల మడిచిపెట్టిన కాగితము ఏదియో అప్పుడు తెలియును.